చిన్న ఆర్సీ (రిమోట్ కంట్రోల్) రేసు కారుకి ఎలక్ట్రానిక్స్: మోటారు చివర కొనండి

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనల్లుడి కారుకి బ్రష్‌లెస్ మోటారు (లోపల రాసుకునే బ్రష్‌లు లేని రకం) బిగించింది నేనే. స్టీరింగు తిప్పే సర్వో మాత్రం పాతదే ఉంచేశాను. మిల్లు గచ్చు మీద మూడో రౌండులో వాడు రిమోటు కుడికి తిప్పాడు, చక్రాలు సగం తిరిగి ఆగిపోయాయి. గచ్చు అయిపోయింది, పుంత దాటింది, పంట కాలవలో బుడుంగుమంది. వాడు గట్టు మీద నిలబడి, "మావయ్యా, స్పీడు మాత్రం అదిరిందిలే" అన్నాడు.

అప్పటి నుంచి పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఈ కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. డబ్బు ముందు స్టీరింగు మీద, అంటే సర్వో, రేడియో మీద పెట్టండి. తర్వాత బ్యాటరీ. మోటారు అన్నిటికంటే చివర. ఇక్కడ రాసేది 1/18 నుంచి 1/14 సైజు కార్ల గురించి, అంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు నుంచి పద్నాలుగో వంతు. క్యోషో 1999లో తెచ్చిన మినీ-జెడ్ లాంటి 1/28 సైజు కార్లలో బోర్డు, సర్వో అన్నీ ఆ కారుకే చేసినవి, నాలుగు ట్రిపుల్-ఏ సెల్స్ మీద నడుస్తాయి. వాటి లెక్క వేరు, ఇందులో కలపడం లేదు.

ముందు గచ్చు కొలవండి

నగరాల్లో కార్పెట్ ట్రాకుల మీద తీసిన వీడియోలు చూసి ఆర్డర్ పెడితే మన దగ్గర తేడా కొడుతుంది. మన ట్రాకు అంటే రైస్ మిల్లు గచ్చు, లేదా స్కూలు ఆవరణ, లేదా చెరువు గట్టు. మిల్లు గచ్చయినా సార్వా, దాళ్వా కోతల్లో ధాన్యం ఆరబోసి ఉంటుంది, మిగతా రోజుల్లోనే మనది. మేం ఆడే గచ్చు పొడవు పాతిక మీటర్లు. కారు గంటకి 40 కిలోమీటర్ల మీద పోతే సెకనుకి 11 మీటర్లు, అంటే ఈ కొస నుంచి ఆ కొసకి రెండుంపావు సెకన్లు. 60 మీద పోతే సెకనున్నర. అందులోనే వేగం అందుకోవాలి, బ్రేకు కొట్టాలి, మలుపు తిరగాలి. పాతిక మీటర్ల గచ్చు మీద 60 అనేది కాగితం మీద అంకె మాత్రమే.

గచ్చు పొడవు తర్వాత నాలుగు సంగతులు చూసుకోండి. నేల మీద ఏముంది: ఊక, తవుడు ఉంటే టైర్లు జారతాయి, పళ్ళ చక్రాల్లోకి, మోటారుకి కరెంటు వదిలే ఈఎస్సీ డబ్బా ఫ్యాన్‌లోకి దూరతాయి. గాలి ఎలాంటిది: నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి పిన్నుల మీద నెలల్లోనే పచ్చటి చిలుము పడుతుంది. పార్టు ఎక్కడ దొరుకుతుంది: లిథియం బ్యాటరీలను విమానంలో పంపడానికి ఆంక్షలున్నాయి, చాలా కొరియర్లు రోడ్డు మీదే తెస్తాయి, కాబట్టి రెండోది ముందే తెచ్చి పెట్టుకోండి. ఆఖరిది, రిమోటు ఎవరి చేతిలో ఉంటుంది.

ఒకే బోర్డా, విడివిడిగానా

డబ్ల్యూఎల్‌టాయ్స్ 144001 లాంటి రెడీమేడ్ కార్లలో రిసీవరు (రిమోటు సిగ్నల్ అందుకునేది), ఈఎస్సీ కలిపి ఒకే బోర్డు మీద ఉంటాయి. ఈఎస్సీ అంటే బ్యాటరీ నుంచి మోటారుకి ఎంత కరెంటు వదలాలో చూసుకునే డబ్బా. ఒకే బోర్డు చవక, చోటు తక్కువ పడుతుంది, తీగల గొడవ లేదు. కానీ ఈఎస్సీ భాగం కాలితే రిసీవరూ దాంతోపాటే పోతుంది, రిమోటు దానికే కట్టుబడి ఉంటుంది, బ్రష్‌లెస్ మోటారు దానికి తగిలించలేం.

కారు కొని నెల కాలేదంటే ఆ బోర్డు పీకకండి. అది పోయిన రోజున విడివిడి పార్టులకి మారండి. మారే ముందు సర్వో నుంచి ఎన్ని తీగలు వస్తున్నాయో లెక్కపెట్టండి. మూడైతే మామూలు సర్వో, ఏ రిసీవరుకైనా సరిపోతుంది: గోధుమ రంగు లేదా నలుపు నెగటివ్, ఎరుపు పాజిటివ్, నారింజ లేదా తెలుపు సిగ్నల్. ఐదు తీగలుంటే దాన్ని నడిపే సర్క్యూట్ సర్వోలో లేదు, బోర్డు మీద ఉంది. బోర్డు తీసేస్తే ఆ సర్వో కూడా మూలకే. ఈ లెక్క చూసుకోకుండా రిసీవరు, ఈఎస్సీ తెప్పించుకుని తల పట్టుకున్న వాళ్ళు ఇద్దరు నాకు తెలుసు. అందులో ఒకణ్ణి నేనే.

సర్వో: ఇక్కడ కక్కుర్తి పడొద్దు

| రకం | బరువు | బలం | లోపలి పళ్ళు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఎస్జీ90 | 9 గ్రాములు | 4.8 వోల్టుల దగ్గర 1.8 కేజీ-సెం.మీ. | ప్లాస్టిక్ | నేర్చుకోవడానికి, తేలికైన 1/18కి |
| ఎంజీ90ఎస్ | 13-14 గ్రాములు | 4.8 దగ్గర 1.8, 6 వోల్టుల దగ్గర 2.2 | మెటల్ | 1/18 రేసుకి |
| 17 గ్రాముల రకం | సుమారు 17 గ్రాములు | తయారీని బట్టి 2 నుంచి 3.5 | ఎక్కువగా మెటల్ | 1/14కి, గరుకు నేలకి |

1.8 కేజీ-సెం.మీ. అంటే ఇరుసు నుంచి సెంటీమీటరు దూరంలో కట్టిన 1.8 కేజీల బరువుని లేపగలదని అర్థం. దూరం రెండు సెంటీమీటర్లయితే బలం సగం. అందుకే పొడుగు హార్న్ (సర్వో ఇరుసు మీద బిగించే చేయి) పెడితే చక్రాలు చురుగ్గా తిరిగినట్టు కనిపిస్తాయి గానీ వేగం మీద నేల ఒత్తిడికి వెనక్కి తగ్గిపోతాయి.

ఎస్జీ90 ఇంజినీరింగ్ పిల్లల ప్రాజెక్టు పార్టులు అమ్మే ఏ షాపులోనైనా దొరికేదే. చేతికందే వస్తువు కాబట్టి ముందు అదే కొంటాం. గోడకి ఒక్క గుద్దు పడితే చాలు, లోపల రెండు పళ్ళు విరుగుతాయి. ఆ తర్వాత మధ్యలో నిలబడదు, గిర్రుమంటూ వణుకుతుంది. ఎంజీ90ఎస్ ఆ దెబ్బ కాచుకుంటుంది. అయితే ఆ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. హార్న్ పెట్టి వేళ్ళతో అటూ ఇటూ మెల్లగా కదిపి చూడండి, ఎక్కువ లూజుంటే వెనక్కి ఇచ్చేయండి.

కొనే ముందు కారులో సర్వో గది కొలవండి. మైక్రో సర్వో సుమారు 23 × 12 మిల్లీమీటర్లు, స్టాండర్డ్ సర్వో 40 × 20. ఎక్కువ బలం ఉందని స్టాండర్డ్ తెచ్చి ఛాసిస్ కోసుకోవద్దు.

బిగించే వరస కూడా చెప్పాలి, సగం సర్వోలు అక్కడే పోతాయి. హార్న్ పెట్టకుండా సర్వోని రిసీవరుకి తగిలించి, రిమోటు ట్రిమ్ (మధ్య చోటు సర్దేది) సున్నా మీద ఉంచి కరెంటు ఇవ్వండి. సర్వో తన మధ్య చోటుకి వచ్చి ఆగుతుంది. అప్పుడు హార్న్‌ని, చక్రాలకి వెళ్ళే కడ్డీకి, అంటే లింకుకి లంబంగా వచ్చే పన్ను మీద కూర్చోబెట్టి స్క్రూ బిగించండి. ఇప్పుడు రిమోటు పూర్తిగా ఒక పక్కకి తిప్పి చెవి దగ్గర పెట్టుకుని వినండి. చక్రం చివరికంటా తిరిగి ఆనుకున్నాక కూడా సర్వో జుయ్యిమంటుంటే అది ఇంకా తొయ్యాలని చూస్తోందన్నమాట. రిమోటులో ఎండ్ పాయింట్ (సర్వో ఎంతవరకు తిరగాలో చెప్పే అంకె) తగ్గిస్తూ రండి. 100, 92, 85... ఎక్కడో ఒకచోట ఆ మోత టక్కున ఆగుతుంది. అదే మీ అంకె. ఎడమ, కుడి అంకెలు ఒకటే ఉండనక్కర్లేదు. నా కారులో ఎడమకి 84, కుడికి 91. ఈ పని చేయకపోతే మెటల్ పళ్ళ సర్వో కూడా వేడెక్కి పోతుంది. గుద్దు తగిలినప్పుడు స్ప్రింగులా వంగి సర్వోని కాపాడే సర్వో సేవర్ కారులో ఉంటే దాన్ని తీసేయకండి.

రేడియో

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ పవరు పరికరాలకి మన దేశంలో 2005 నుంచే లైసెన్సు అక్కర్లేదు. పాత 27 మెగాహెర్ట్జ్ సెట్లలా ఒకరి క్రిస్టల్ ఇంకొకరి కారుని లాక్కుపోయే బాధా లేదు. రిమోటులో చూడవలసినవి: ఎండ్ పాయింట్ సర్దుబాటు, సిగ్నల్ పోతే కారుని ఆపే ఫెయిల్‌సేఫ్, విడి రిసీవరు ధర. ఈ మూడూ లేకపోతే ఎంత రంగురంగుల తెర ఉన్నా వద్దు.

ఉన్నవాటిలో డంబోఆర్సీ ఎక్స్6 చవకది. ఒక కారు, ఒక మనిషి అయితే దానితో సరిపెట్టుకోవచ్చు. ఫ్లైస్కై జీటీ5, రేడియోలింక్ ఆర్సీ4జీఎస్ దాని పైమెట్టు. వీటితో జైరో (కారు జారితే స్టీరింగు తనే సర్దేది) ఉన్న రిసీవర్లు దొరుకుతాయి, రెండు మూడు కార్ల సెట్టింగులు విడివిడిగా దాచుకోవచ్చు. ఫుటాబా, సాన్వా సెట్లు చేతిలో హాయిగా ఉంటాయి, కాదనను. మిల్లు గచ్చు మీద ఆ తేడా తెలిసేంత డ్రైవర్లం మేమైతే కాదు.

డ్రోన్ కోసం కొన్న ఫ్లైస్కై ఐ6 ఇంట్లో ఉంటే కొత్త రిమోటు కొనకుండా దానితోనే మొదలుపెట్టొచ్చు. అందులో ఎడమ స్టిక్ పైకీ కిందకీ వదిలిన చోటే ఉండిపోతుంది, మధ్యకి రాదు. కాబట్టి ఈఎస్సీ తీగని 3కి కాకుండా 2వ ఛానెల్‌కి, సర్వోని 4కి పెట్టండి. కుడి చేత్తో వేగం, ఎడమ చేత్తో స్టీరింగు. రెండూ వదిలితే మధ్యకి వస్తాయి.

జైరో ఉండాలా? నేల మీద తవుడు ఉంటే ఉండాలి. వెనక చక్రాలు జారగానే అదే ఎదురు తిప్పి కారుని నిలబెడుతుంది. శుభ్రమైన గచ్చు మీద మాత్రం అది మలుపుల్లో అడ్డం పడుతుంది, గెయిన్ (అది ఎంత గట్టిగా ఎదురు తిప్పాలో) తగ్గించుకోవాలి. బిగించాక ఒక్క పరీక్ష చేయండి. కారుని చేత్తో పట్టుకుని ముక్కు ఎడమకి విసురుగా తిప్పండి. ముందు చక్రాలు కుడికి తిరగాలి. అవీ ఎడమకే తిరిగితే జైరో తిరగబడి ఉంది, అలాగే వదిలితే మొదటి మలుపులోనే బొంగరం.

మోటారు, ఈఎస్సీ

| | బ్రష్డ్ | సెన్సర్‌లెస్ బ్రష్‌లెస్ | సెన్సర్డ్ బ్రష్‌లెస్ |
|---|---|---|---|
| ఖర్చు | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ |
| నెమ్మదిగా కదలడం | మెత్తగా | కుదుపు, తడబాటు | చాలా మెత్తగా |
| అరుగుదల | బ్రష్‌లు అరుగుతాయి | బేరింగులు తప్ప ఏమీ లేదు | అంతే, సెన్సరు తీగ అదనం |
| బురద, తడి | ఆరబెట్టి నడపొచ్చు | మోటారుకి ఫర్వాలేదు | సెన్సరు ప్లగ్గే బలహీనం |
| చిన్న సైజుల్లో దొరకడం | సులువు | సులువు | ఎంపిక తక్కువ |

సెన్సర్డ్ అంటే మోటారు ఏ స్థితిలో ఉందో ఈఎస్సీకి చెప్పే సెన్సరు ఉన్నది. దాని గురించి ఎక్కువ చెప్పను. చిన్న కార్లలో చోటూ లేదు, మన ఉప్పు గాలికి ఆ సన్నటి ప్లగ్గూ ఆగదు. అసలు తగువు మొదటి రెంటి మధ్యే.

బ్రష్డ్‌ని చిన్నచూపు చూడకండి. పదిమంది కలిసి పందెం పెట్టుకుంటే అందరికీ ఒకే బ్రష్డ్ మోటారు అన్న రూలు పెట్టుకోండి, గెలుపు డబ్బుది కాకుండా చేతిది అవుతుంది. హాబీవింగ్ క్విక్‌రన్ 1060 లాంటి బ్రష్డ్ ఈఎస్సీ 1/10 కార్లకి చేసింది, 1/14లో చోటు కుదిరితే నిశ్చింతగా పనిచేస్తుంది. దాని మీద చిన్న జంపర్ ఉంటుంది, లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడితే లిపో మీదే పెట్టండి, లేకపోతే బ్యాటరీ పాడయ్యేంత కిందకి దిగాక గానీ ఈఎస్సీ ఆపదు. మోటారు డబ్బాకి 104 నంబరు కెపాసిటర్లు మూడున్నాయో లేదో చూడండి: రెండు కొసల మధ్య ఒకటి, ఒక్కో కొస నుంచి డబ్బాకి ఒక్కోటి. అవి లేకపోతే బ్రష్‌ల నిప్పురవ్వల రొద రిసీవరుకి ఎక్కి సర్వో వణుకుతుంది.

బ్రష్‌లెస్ మోటారు మీద 2430 అని ఉంటే వ్యాసం 24, పొడవు 30 మిల్లీమీటర్లు. 1/18కి 24 వ్యాసం, 1/14కి 28 వ్యాసం సరిపోతాయి. కేవీ అంటే బరువు లేనప్పుడు వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు అని. ఇక్కడే అందరూ మోసపోతారు, పెద్ద అంకె చూసి. లెక్క మీరే వేసుకోండి. 7.4 వోల్టుల బ్యాటరీ, 62 మిల్లీమీటర్ల చక్రం, మోటారు ఎనిమిది చుట్లకి చక్రం ఒక చుట్టు అనుకుంటే:

| కేవీ | మోటారు చుట్లు/నిమిషం | కాగితం మీద వేగం |
|---|---|---|
| 4200 | 31,080 | గంటకి 45 కి.మీ. |
| 5800 | 42,920 | గంటకి 63 కి.మీ. |
| 7200 | 53,280 | గంటకి 78 కి.మీ. |

నేల మీద దీనికంటే తగ్గుతుంది. తగ్గినా 4200 దాటితే మన గచ్చు సరిపోదు. పైగా కేవీ పెరిగేకొద్దీ అదే గేరు మీద కరెంటు ఎక్కువ లాగుతుంది, ఈఎస్సీ, బ్యాటరీ రెండూ పెద్దవి కావాలి.

కాలవలో పడ్డ కారుకి కొత్త ఈఎస్సీ బిగించినప్పుడు మోటారు వెనక్కి తిరిగింది. టంకం వేయించుకోవడానికి వైండింగ్ షాపు బాబాయి దగ్గర కూర్చుని ఉన్నాను. ఆయన ఏరేటర్ మోటారు చుడుతూ ఓరకంట చూసి, "మూడు తీగలున్నాయి, త్రీఫేజే కదా?" అన్నాడు.

"అలాంటిదే బాబాయ్."

"అయితే ఏ రెండు తీగలు మార్చినా తిరగబడుద్ది కదరా. చెరువులో ఏరేటర్‌కి చేసేది అదేగా!"

అంతే. సెన్సర్‌లెస్‌కి ఇది సరిగ్గా వర్తిస్తుంది. సెన్సర్డ్‌కి మాత్రం తీగల ఏ-బీ-సీ వరస మార్చకూడదు.

బ్యాటరీ

2ఎస్ లిపో అంటే రెండు సెల్స్, 7.4 వోల్టులు, నిండా చార్జయితే 8.4. 1500 ఎంఏహెచ్, 25సి అని రాసి ఉంటే 1.5ని 25తో హెచ్చవేయండి: ప్యాకు ఇవ్వగలిగే కరెంటు 37.5 ఆంపియర్లు. చవక ప్యాకుల మీద ఈ సి అంకెని సగమే నమ్మండి. ఆరు సెల్స్ నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాకు 7.2 వోల్టులు. బరువెక్కువ, ఊపు తక్కువ, కానీ పిల్లాడు మరిచిపోయి మూల పడేసినా భయం లేదు. పదేళ్ళ పిల్లాడి కారుకి నేను అదే చెబుతాను. పాత లాప్‌టాప్ నుంచి 18650 సెల్స్ పీకి రెండు కలిపి కట్టే వాళ్ళున్నారు. ఆ సెల్స్ ఐదారు ఆంపియర్ల దగ్గరే అలిసిపోతాయి, కారు బయల్దేరగానే వోల్టేజి కూలబడి రిసీవరు ఆగిపోతుంది. టార్చి లైటుకి వాడుకోండి.

లిపోని సెల్‌కి 3 వోల్టుల కంటే కిందకి దించొద్దు, వారాల తరబడి వాడకపోతే 3.8 దగ్గర ఉంచండి. 1500 ప్యాకుని 1.5 ఆంపియర్లతో, బ్యాలెన్స్ తీగ (సెల్స్‌ని సమానంగా నింపే సన్న తీగ) తగిలించే చార్జింగు పెట్టండి. ఐమ్యాక్స్ బీ6 తరహా చార్జరు 12 వోల్టుల బ్యాటరీ మీద కూడా పనిచేస్తుంది, కరెంటు పోయినా గచ్చు దగ్గరే ఇన్వర్టర్ బ్యాటరీతో కానిచ్చేయొచ్చు. ఉబ్బిన ప్యాకుని ఇంకొక్క రౌండని ఆశపడకండి. ఎండాకాలం రేకుల షెడ్డులో చార్జింగు వద్దు.

బిగింపు, చిలుము

ఈ సైజు కార్లకి ఎక్స్‌టీ30 కనెక్టరు చాలు. 25 వాట్ల టంకం కర్రతో దానికి అతుకు పడదు, చల్లబడిపోయి ఉండకడుతుంది. 60 వాట్లది కావాలి. అతికేటప్పుడు ఎదుటి కనెక్టరుని కూడా గుచ్చి ఉంచండి, లేకపోతే వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకి వాలుతుంది.

రిసీవరుని మోటారు తీగలకి దూరంగా, ఛాసిస్ రెండో పక్కన పెట్టండి. యాంటెనా కొసన పొర తీసిన 31 మిల్లీమీటర్లే అసలు పనిచేసే భాగం. అది పైకి నిలబడి ఉండాలి, కత్తిరించకూడదు, కార్బన్ ప్లేటుకి ఆనకూడదు.

సముద్రం దగ్గర వాళ్ళు ప్లగ్గుల్లో కొంచెం సిలికాన్ గ్రీజు పూయండి. రిసీవరుని చిన్న బుడగలో పెట్టి మూతి జిప్ టైతో బిగించడం పాత చిట్కా, మంచిదే. ఆట అయ్యాక విప్పి ఆరనివ్వాలి, లేకపోతే లోపలి తేమే చిలుము పట్టిస్తుంది. కాలవలో పడితే ముందు బ్యాటరీ పీకండి, బురద మంచినీళ్ళతో కడగండి, ఫ్యాను కింద ఒక రోజంతా పెట్టండి. బియ్యం డబ్బాలో పాతిపెట్టడం మనకి అలవాటు. బోర్డుకి పిండి అంటుకోవడం తప్ప నేనేమీ లాభం చూడలేదు.

ఎవరికి ఏది

పిల్లాడికి మొదటి కారైతే ఒకే బోర్డు ఉన్న రెడీమేడ్, బ్రష్డ్, నికెల్ ప్యాకు. డబ్బు మిగిలితే మెటల్ పళ్ళ సర్వో, అంతకుమించి ఏమీ వద్దు. టంకం పని వచ్చిన కాలేజీ కుర్రాడైతే విడి రిసీవరు, ఎంజీ90ఎస్ లేదా 17 గ్రాముల సర్వో, జైరో ఉన్న రేడియోతో మొదలుపెట్టి, నెల రోజులు పాత మోటారుతోనే తిప్పి, ఆ తర్వాత 4200 కేవీ లోపు సెన్సర్‌లెస్ తీసుకోవాలి. స్నేహితులతో పందాలకైతే పైన చెప్పిన ఒకే మోటారు రూలు, రెండు లిపోలు, విడిగా ఇంకో సర్వో జేబులో.

మొదటి రోజు కారుని ఇటుక మీద, చక్రాలు గాల్లో ఉండేలా పెట్టండి. ముందు రిమోటు ఆన్, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోటు. చక్రాలు మెల్లగా తిరుగుతుండగా రిమోటు ఆఫ్ చేయండి. చక్రాలు ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ మళ్ళీ సెట్ చేసేదాకా కిందకి దించొద్దు. అది కుదిరాక గచ్చు మీద ఐదు నిమిషాలు తిప్పి మోటారు మీద వేలు ఆనించండి. మూడు సెకన్లు ఆనలేకపోతే పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న పళ్ళ చక్రం) ఒక పన్ను తక్కువది వేసి, చల్లారాక మళ్ళీ ఐదు నిమిషాలు తిప్పి చూడండి.